రోజా విడిచిన డ్రయ్యర్

ఇందులో ప్రతి మాటా నిజమని, మా ఫ్యాక్టరీ డ్రయ్యర్ మీద చెయ్యి పెట్టి (అది వేడిగా ఉన్నప్పుడే) ప్రమాణం చేస్తున్నాను. ఆ రోజుల్లో నాకు మీసం కన్నా ధీమా దట్టంగా ఉండేది. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ట్రైనీ ఇంజనీరుగా చేరాను. తడి మందుపొడిని ఆరబెట్టే ఆ డ్రయ్యర్‌కు కాసేపు వేడిగాలి, కాసేపు చల్లగాలి పెట్టాలి. పొడిలో తడి ఒక్కో బ్యాచ్‌కు ఒక్కోలా ఉంటుంది గనక, ఎప్పుడు గాలి మార్చాలో ముందే చెప్పలేం. మనిషిని చూసి తనంతట తాను నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌ను దానికి తగిలిస్తానని పెద్దసారు ముందు కోతలు కోశాను. "చేసి సూపియ్. అయితే పర్మనెంట్, లేకుంటే ఇంటికి" అన్నాడాయన.

నెట్‌వర్క్‌కు గురువు మా ఆపరేటర్ చాచా. రంజాన్ నెలంతా ఆయన మీటలు నొక్కుతుంటే, గడియారంతో సహా అన్నీ చూసి అది నేర్చుకుంది. పొద్దుగూకే వేళకు చాచా రోజా (ఉపవాసం) విడవడానికి రెండు గాలులూ ఆపేసి, "దా బేటా, జెర నోట్లేస్కో" అంటూ పకోడీల డబ్బా తెరిచేవారు. ఆ కాసేపూ అది కూడా నేర్చేసుకోకుండా నెట్‌వర్క్ కళ్లు మూయాల్సిన బాధ్యత నాది. (నోటినిండా పకోడీ ఉన్నవాడికి బాధ్యత ఎక్కడ గుర్తుంటుంది?)

పండుగ వెళ్లిన వారంలోనే పరీక్ష. ఎవరూ ముట్టకుండానే డ్రయ్యర్ వేడి నుంచి చల్లకు, చల్ల నుంచి వేడికి మారుతుంటే పెద్దసారు తలూపుతున్నాడు. పర్మనెంట్ ఆర్డరు ఇంట్లో ఎవరికి ముందు చూపించాలా అని నేను ఆలోచిస్తున్నాను. అంతలో పొద్దుగూకింది. రెండు గాలులూ ఆగిపోయాయి.

"ఏందయ్యా, సచ్చిందా?"

పెద్దసారు నా వైపు తిరిగాడు. చాచా ముందుకొచ్చారు. "లేదు సాబ్, రోజా ఇడుస్తున్నది. నెలంత నాతోనే ఉన్నది గదా!" అంటూ జేబులోంచి ఖర్జూరం తీసి ప్యానెల్ మీద పెట్టారు. "గిట్ల నేర్పింది నేను సాబ్. పోరగాన్ని ఏమనకుండ్రి."

పెద్దసారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇంతలో డ్రయ్యర్ గుర్రుమని మళ్లీ మొదలైంది. "కడుపు నిండినట్టున్నది. ఇద్దరు కల్సి మల్ల నేర్పుండ్రి" అని వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నిలిచింది.

ప్రమాణం చేశాను గనక చెప్పేస్తున్నాను: ఆ ఖర్జూరం మాత్రం కల్పితం. ఆ రోజు చాచా జేబులో ఏమీ లేదు. ఆయన రిటైరై జోగిపేట వెళ్లిపోయాక, ప్రతి రంజాన్‌లో ప్యానెల్ మీద ఖర్జూరం పెట్టేది నేనే. డ్రయ్యర్ ఆ అలవాటును ఎన్నడో మరిచిపోయింది. నెరిసిన జుట్టుతో నేను మాత్రం పొద్దుగూకగానే పని ఆపి, ఎవరో డబ్బా తెరుస్తారన్నట్టు పక్కకు చూస్తుంటాను.