అన్నం మాని టీ తాగిన ఏడాది

అమ్మ పోయాక నేను వంట మానేశాను. కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయమేం కాదు. దినాలు అయిపోయి, పొదిలి నుంచి వచ్చిన బంధువులు ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేశాక, గిద్దలూరులో మేమిద్దరం అద్దెకున్న పై వాటాలో నేనొక్కదాన్నే మిగిలాను. మర్నాడు పొద్దున బియ్యం కడగబోయి, అలవాటు కొద్దీ ఇద్దరికీ సరిపడా పోశాను. వాటిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. తర్వాత బియ్యం తిరిగి డబ్బాలో పోసి, టీ పెట్టుకుని తాగి డ్యూటీకి వెళ్ళిపోయాను.

నాది గిద్దలూరు మీదుగా పోయే రైలు లైన్లోనే ఒక చిన్న స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగం. బండి వచ్చే ముందు కాసేపు కౌంటర్ దగ్గర జనం ఉంటారు. బండి కదిలిందంటే ప్లాట్‌ఫారం మీద ఎండ తప్ప ఏమీ మిగలదు. గేటు బయట ఒక టీ బంకు ఉంది. దాన్ని నడిపే పెద్దాయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. అమ్మ ఉన్నప్పుడు పొద్దున ఒకసారి మాత్రమే వెళ్ళేదాన్ని. ఆ తర్వాత బండి వెళ్ళిపోయిన ప్రతిసారీ కాళ్ళు అటే నడిచేవి.

"ఏందమ్మా, బండి లేటంట గదా?" అనేవాడు.

"అవును బాబాయ్, కంభంలోనే ఆపేసినారంట."

"కూచో, తాగిపో."

అంతే మాటలు. రోజు మొత్తం మీద టికెట్టు గురించి కాకుండా నాతో ఎవరైనా మాట్లాడేది అక్కడే. ఆ టీలో చక్కెర దండిగా ఉండేది. ఎండ ముదిరితే ఫ్రిజ్‌లోంచి నారింజరంగు కూల్ డ్రింకు తీసిచ్చేవాడు. దాంతో ఒక బన్ను తినేదాన్ని. కడుపు నిండినట్టే ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ టీ. ఇక ఆకలెక్కడిది, నిద్రెక్కడిది?

జుట్టు ఊడడం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని చుట్టి, కిటికీ చువ్వకు కట్టిన కవర్లో వేయడం మా ఇంట్లో అలవాటు. ఆ కవరు తొందరగా ఉబ్బుతోందని గమనించాను. బోరు నీళ్ళ వల్లనుకున్నాను. షాంపూ మార్చాను. నెత్తి వెనక ఎలా ఉందో మాత్రం నాకు తెలియదు. ఎవరి తల వెనక భాగం వాళ్ళకు కనిపించదు, ఒంటరిగా ఉండేవాళ్ళకు చూసి చెప్పేవాళ్ళూ ఉండరు.

ఒక ఆదివారం వీధిలో కేక వినిపించింది. "ఎంటికెలూ... చిక్కు ఎంటికెలకు స్టీలు గిన్నెలూ..." కిటికీకి ఉన్న కవరు విప్పుకుని కిందికి దిగాను. గంపలో గిన్నెలు పెట్టుకుని ఒకామె గడప పక్కన కూర్చుంది. కవరు తీసుకుని, లోపలి ఉండని చేత్తో విప్పి చూసింది.

"ఇంట్లో ఎంతమంది ఆడోళ్ళమ్మా?"

"నేనొక్కదాన్నే."

ఆమె నమ్మలేదు. "అంతా నీ ఒక్కదాని తలదేనా? జొరమేమన్నా వచ్చి పోయినాదా?"

"లేదు."

"ఇట్ల తిరుగు, చూద్దాం."

ఎందుకు తిరిగానో తెలియదు. ఆమె నా జడ పక్కకు జరిపి నడినెత్తి మీద చెయ్యి పెట్టింది. గరుకైన చెయ్యి. "అయ్యో తల్లీ, ఈడ మాడు కనపడతాంది గదా" అంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. జుట్టు పోయిందని కాదు. అమ్మ పోయినప్పటి నుంచి నా తల మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఆమె కంగారు పడి, "ఏడవబాకమ్మా, మంచి డాక్టరుకు చూపించుకో" అని ఒక చిన్న గిన్నె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే సెలవు పెట్టి మార్కాపురం వెళ్ళాను. డాక్టరమ్మ నా కంటే చిన్నది. తల చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది, రక్తపరీక్ష రాసింది. రిపోర్టు చూసి, "నిన్న ఏం తిన్నారు?" అని అడిగింది.

నేను వరసగా చెప్పాను. టీ, టీ, కూల్ డ్రింకు, బన్ను, టీ.

"అన్నం?"

"ఒక్కదాన్నే కదండీ" అన్నాను. అది జవాబు కాదని అన్నాకే తెలిసింది.

ఆమె నవ్వలేదు. "టీ వల్లే జుట్టు ఊడిందని చెప్పను. మనసు బాగోకపోయినా ఊడుతుంది. కానీ మీ ఒంట్లో రక్తం లేదు. తిండికి బదులు తీపి నీళ్ళు తాగుతున్నారు. ఎప్పుడైనా తిన్నా వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. ఒళ్ళు ముందు ప్రాణం చూసుకుంటుందండీ, జుట్టు తర్వాత" అంది. ఐరన్ మాత్రలు రాసింది. కూల్ డ్రింకులు వద్దంది. టీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అదీ భోజనానికి దూరంగా తాగమంది.

మానడం నేననుకున్నంత తేలిక కాలేదు. మధ్యాహ్నానికి కణతలు పగిలిపోయేవి. కౌంటర్లో చిల్లర లెక్కపెడుతుంటే అంకెలు కదిలేవి. కొన్నాళ్ళకు తలనొప్పి తగ్గింది గానీ ఇంకో సంగతి బయటపడింది. టీ తాగకపోతే బంకు దగ్గరికి వెళ్ళడానికి కారణమే లేదు. అంతకాలం నేను తాగింది ఆ నాలుగు మాటల కోసమని అప్పుడు అర్థమైంది.

ఒక రోజు బాబాయే గేటు దాకా వచ్చాడు. "ఏందమ్మా, మా టీ మీద అలిగినావా?"

"డాక్టరు వద్దన్నది బాబాయ్. రక్తం లేదంట."

"అట్లనా" అన్నాడు. "తాగబాకలే. ఊరికే వచ్చి కూచో." 

రెండు మూడుసార్లు వెళ్ళి కూర్చున్నాను. చేతిలో గ్లాసు లేకుండా ఆ బెంచీ మీద ఏం చేయాలో తోచలేదు. ఆయనకూ తోచినట్టు లేదు. రాను రాను వెళ్ళడం తగ్గిపోయింది. ఎదురుపడితే చెయ్యెత్తుతాం.

వంట మళ్ళీ మొదలుపెట్టాను. ఒక మనిషికి బియ్యం ఎన్ని పోయాలో నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. పప్పులో ఆకుకూర, రెండు గుడ్లు, సంగటి. మొదట్లో ముద్ద దిగేది కాదు. వర్షాలు పడే నాటికి దువ్వెనకు వచ్చే వెంట్రుకలు తగ్గాయి. చలికాలంలో నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు ముళ్ళలా లేచి నిలబడ్డాయి. నడినెత్తిన కొంత పలచగానే ఉండిపోయింది. డాక్టరమ్మ అంతా వస్తుందని ఎప్పుడూ అనలేదు కాబట్టి అడగలేదు.

ఆ కొత్త వెంట్రుకల్ని అద్దంలో చూసిన రోజు ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ చూసుకుంటూ పోయాను. ఇలాంటి చిన్న సంగతి చెప్పదగిన పేరు అందులో ఒక్కటీ కనిపించలేదు. ఫోన్ పక్కన పెట్టి అన్నం వడ్డించుకున్నాను. ఇప్పుడు రోజూ కంచం పట్టుకుని మెట్ల మీద కూర్చుని తింటున్నాను. అక్కడైతే కింద వాటా వాళ్ళు భోజనాల దగ్గర మాట్లాడుకునేది వినిపిస్తుంది.