జీవరత్నం అంకుల్ చెప్పిన లూపూ, నేను చూసిన మంచూ

నలభై రెండు కుటుంబాలను ఒకే రోజు, అదీ క్రిస్మస్ విందు రోజు, ఆకలితో మాడ్చిన ఘనత నాది. వాళ్లలో పసిపిల్లల తల్లులున్నారు, షుగరున్న పెద్దవాళ్లున్నారు, ఒక పాస్టర్ గారు కూడా ఉన్నారు. నేను చేసిందల్లా ఇరవై లైన్ల ప్రోగ్రామ్ ఒకటి రాయడం. అది ఎలా జరిగిందో చెప్తాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. మా చర్చిలో ఇప్పటికీ ఎవరూ మొహమాటపడడం లేదు.

రెండువేల ఆరో, ఏడో. అప్పుడు మేం మిషిగన్‌లో నోవైలో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను పెళ్లికి ముందు బాపట్లలో కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. నోవైలో ఏడాదిలో సగం రోజులు చెట్లకు ఆకులే ఉండవు. ఇక నా శాస్త్రానికి గిరాకీ ఎక్కడుంటుంది? "కంప్యూటర్ సైన్స్ చదువు సుహాసినీ, ఇక్కడ అందరూ చివరికి చేసేది అదే" అన్నారు మా ఆయన. సరేనని కమ్యూనిటీ కాలేజీలో ప్రోగ్రామింగ్ మొదటి కోర్సులో చేరాను. మూడో వారానికల్లా క్లాసులో ప్రొఫెసర్ గారి పెదవులు కదలడం కనిపించేది, మాటలు మాత్రం నా దాకా వచ్చేవి కావు.

నాకు బుర్ర లేదని మీరు అనుకోవద్దు. ఉంది. కాకపోతే అది పెట్టినచోట ఉండదు. ఎవరైనా ఓపిగ్గా ఏదైనా వివరించడం మొదలుపెడితే చాలు, ఆ గొంతు నాకు దూరంగా పోతున్న రైలు చప్పుడులా హాయిగా వినిపిస్తుంది. నేనెక్కడికో వెళ్లిపోతాను. కళ్లు మాత్రం విప్పారి ఉంటాయి, తల దానంతటదే ఊగుతూ ఉంటుంది. ఎదుటివాళ్లు దాన్ని శ్రద్ధ అనుకుంటారు. కొంపలు మునిగేది అక్కడే.

మా తెలుగు చర్చిలో జీవరత్నం గారని ఉండేవారు. కార్ల ఫ్యాక్టరీలో యంత్రాలను నడిపే ప్రోగ్రాములు ముప్ఫై ఏళ్లు రాసి రిటైరయ్యారు. మా ఈడువాళ్లందరికీ ఆయన అంకుల్, ఆయన భార్య కమలమ్మ గారు ఆంటీ. నా అవస్థ విని అంకుల్ ఎంతో సంబరపడిపోయారు.

"శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చెయ్ తల్లీ, నేను చెప్తాను. మా పిల్లలకి నేర్పుదామని ఎంతో చూశాను. ఒకడు లాయరయ్యాడు, ఒకత్తి పళ్ల డాక్టరయింది. నేను ఖాళీగా కనిపిస్తే చాలు, మీ ఆంటీ వెల్లుల్లిపాయలు ముందు పెడుతోంది."

అలా మొదలైంది నా ట్యూషన్. వాళ్ల వంటింటి పక్కన గోడంత కిటికీ ఉండేది. కిటికీ అవతల దేవదారు చెట్లు, ఒక కొమ్మకు వేలాడదీసిన గింజల డబ్బా, దాని మీద వాలే ఎర్రటి పిట్ట ఒకటి. అంకుల్ కిటికీకి వీపు పెట్టి కూర్చునేవారు. నేను ఎదురుగా, కిటికీ వైపు మొహం పెట్టి కూర్చునేదాన్ని. ఆ రెండు కుర్చీలూ అటూ ఇటూ మారి ఉంటే ఈ కథ మీకు చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

అంకుల్ ఏం చెప్పినా కార్లలోనే చెప్పేవారు.

"లూప్ అంటే ఏం లేదమ్మా. ఫ్యాక్టరీలో బెల్ట్ అనుకో. బెల్ట్ మీద కారొస్తుంది. నువ్వు డోర్ బిగిస్తావు. బెల్ట్ జరుగుతుంది. ఇంకో కారొస్తుంది. మళ్లీ డోర్. అర్థమైందా?"

"అర్థమైందంకుల్."

నిజంగానే అర్థమైంది. ఒట్టు. అక్కడిదాకా.

"గుడ్. ఇప్పుడు ఆ డోర్లన్నీ ఒకే రంగు కాదనుకో. పక్కన స్టాండ్ మీద వరసగా ఉన్నాయి. ఎరుపు, నీలం, తెలుపు. ఒక్కో కారుకీ ఒక్కోటి వెళ్లాలి. కాబట్టి బెల్ట్ ఒక్కటే జరిగితే..."

సరిగ్గా అప్పుడు మంచు మొదలైంది.

ఆ ఏడాది అదే మొదటి మంచు. ముందు ఒకటీ అరా, దారి తప్పినట్టు వచ్చాయి. తర్వాత ఆకాశంలో ఎవరో బూరుగు కాయలు ఒక్కొక్కటే తీరిగ్గా పగలగొడుతున్నట్టు, తెల్లటి పింజలు నేల మీదికి దిగడానికి ఇష్టం లేనట్టు తేలాయి. దేవదారు ఆకులు సూదుల్లా ఉంటాయి కదా, ఒక్కో సూది ఒక్కో పింజను అందుకుని కదలకుండా పట్టుకుంది. ఎర్రపిట్ట రెక్కలు దులుపుకుంది. నేను కూడా బయటే ఉన్నాను. ముదురు నీలం కోటు వేసుకుని, అద్దాల మేడ ముందు నడుస్తున్నాను. మెడలో బ్యాడ్జి. నన్ను చూసి ఇద్దరు ఆగి, "ఆ ప్రోగ్రామ్ రాసింది ఈవిడే" అని చెవులు కొరుక్కుంటున్నారు. నేను విననట్టు, వినయంగా, కోటు మీది మంచు దులుపుకుంటున్నాను...

"...లేకపోతే పనంతా నాశనం! ఈ ఒక్క ముక్కా జన్మలో మర్చిపోకు. అర్థమైందా?"

"అర్థమైందంకుల్."

ఏ ముక్క మర్చిపోకూడదో మాత్రం అడగలేదు. అంత ఆనందంగా చెప్తున్న మనిషిని వెనక్కి తిప్పడానికి మనసొప్పలేదు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది కూడా.

డిసెంబరు వచ్చింది. చర్చిలో క్రిస్మస్ విందు ఏర్పాట్లు ఏటా కమలమ్మ ఆంటీవే. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో వంట తేవాలి. కిందటేడు ఎవరికి తోచింది వాళ్లు తెస్తే పదకొండు బంగాళదుంప కూరలు వచ్చాయి, తెల్లన్నం రాలేదు. ఆ గొడవలో ఇద్దరు అప్పచెల్లెళ్లకు ఈస్టర్ దాకా మాటల్లేవు. అందుకని ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అంకుల్ లేచి నిలబడ్డారు.

"ఈసారి ఎవరేం తేవాలో కంప్యూటరే డిసైడ్ చేసి అందరికీ ఈమెయిల్ పంపుతుంది. ప్రోగ్రామ్ రాస్తున్నది మన సుహాసిని. నా స్టూడెంట్!"

'నా స్టూడెంట్' అంటూ ఆయన నా వైపు చెయ్యి చూపించారు. నాకు ఒళ్లు పులకరించింది. నీలం కోటు అప్పుడే కుట్టించేసుకున్నాను, మనసులో.

పని తేలికే. ఒక జాబితాలో నలభై రెండు కుటుంబాలు. మా పేరే మొదట వేసుకున్నాను. ఇంకో జాబితాలో ఆంటీ రాసిచ్చిన నలభై రెండు వస్తువులు. ఎవరూ గుర్తుపెట్టుకోరని 'పేపర్ ప్లేట్లు' అన్నిటికంటే పైన రాశారామె. ఆ తర్వాత చికెన్ బిర్యానీ, గుత్తివంకాయ, పెరుగు, ఇలా. మెయిల్ పంపే ముక్క అంకుల్ రాసిచ్చారు, మిగిలింది నాది.

"టెస్ట్ చేశావా?" అని ఫోన్‌లో అడిగారు అంకుల్.

"చేశానంకుల్. మా ఇంటికి పంపి చూసుకున్నా. మొదటి ఇల్లు మాది, మొదటి ఐటమ్ వచ్చింది. కరెక్ట్‌గా ఉంది."

"కోడ్ ఒకసారి నన్ను చూడమంటావా?"

"వద్దంకుల్, మీకు సర్‌ప్రైజ్."

"సరే తల్లీ. నీ మీద నాకు నమ్మకం ఉంది."

మీట నొక్కాను. నలభై రెండు మెయిళ్లు వెళ్లాయి. గంటలోపే జవాబులు మొదలయ్యాయి. అవి చదువుతుంటే కళ్లు చెమర్చాయి. 'థాంక్యూ సుహాసినీ, చాలా మంచి ఐటమ్ ఇచ్చావ్.' 'దేవుడు నిన్ను దీవించును గాక.' 'ఇంత బాగా ఎప్పుడూ పంచలేదు!' ఆదివారం చర్చిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి నొక్కారు. ఒకావిడ అటూ ఇటూ చూసి, "ఎవరికీ చెప్పన్లే" అని కన్నుగీటింది కూడా. ఎందుకు చెప్పకూడదబ్బా అని ఒక్క క్షణం అనుమానం తగిలింది. కానీ బయట మంచు పడుతోంది.

పండగ రోజు ఆరాధన ముగిసి, అందరం కింద బేస్‌మెంట్ హాల్లోకి దిగాం. నేను ప్లేట్ల ప్యాకెట్ బల్ల మీద పెట్టాను. నా వెనకావిడ కూడా ప్లేట్ల ప్యాకెట్ పెట్టింది. "అయ్యో, మీరెందుకు తెచ్చారండీ?" అన్నాను. ఆమె వెనకాయన ఇంకో ప్యాకెట్ పెట్టాడు. తెల్లవి, ఎర్రవి, క్రిస్మస్ చెట్ల బొమ్మలున్నవి, కూరకూ పచ్చడికీ గదులున్నవి. బల్ల మీద గోపురం లేచింది.

"బిర్యానీ ఎవరికి పడింది?"

"మాకైతే ప్లేట్లే పడ్డాయి."

"మాకూనూ!"

ఈలోగా పాస్టర్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేశారు. "ప్రభువా, మా యెదుట ఉంచిన ఈ సమృద్ధియైన ఆహారమును..." అని కళ్లు తెరిచారు. బల్ల చూశారు. "...ఈ ప్లేట్లను ఆశీర్వదించుము" అని ముగించారు. నవ్వాపుకోలేక ఆమెన్ ఎవరికీ సరిగ్గా పలకలేదు.

అంకుల్ మాత్రం నవ్వలేదు. కమలమ్మ ఆంటీ చేతిలోని సంచి తెరిచి చూశారు. అందులోనూ ప్లేట్లే.

"కమలా! నువ్వే ఇన్‌చార్జి కదా? మనకి ఇవి వచ్చాయని చెప్పొద్దూ?"

"అలా చూడకండి" అన్నారు ఆంటీ. "పాతికేళ్ల నుంచి ప్రతి క్రిస్మస్‌కీ బిర్యానీ నేనే వండుతున్నా. ఈసారి ప్లేట్లని చూడగానే మోకాళ్లూని స్తోత్రం చెప్పుకున్నా. చెప్తే ఎక్కడ మార్చేస్తారోనని నోరెత్తలేదు."

ఆ మాటతో హాలంతా తలలు దించుకుంది. మా ఇల్లు తప్ప అన్ని ఇళ్లవాళ్లూ అచ్చం అలాగే అనుకుని, అచ్చం అలాగే నోరు మూసుకున్నారు.

అంకుల్ నా వైపు తిరిగారు. "బెల్ట్ జరిపావు. డోర్ల స్టాండ్ జరపలేదా తల్లీ?"

"అది కూడా జరపాలా అంకుల్?"

"చెప్పాను కదమ్మా. జన్మలో మర్చిపోకన్నాను."

"ఆ రోజు... మంచు పడింది అంకుల్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంతమంది ముందు 'నా స్టూడెంట్' అన్న మనిషి. నాకు ఆ ప్లేట్ల గుట్ట కిందికి దూరిపోవాలనిపించింది. మా ఆయన ఫోన్ తీసి పిజ్జాలు ఆర్డర్ చేశారు. ముప్పావు గంట పడుతుందన్నారు వాళ్లు.

అప్పుడు అంకుల్ ఒక ప్యాకెట్ చింపారు. ప్లేట్లు తీసి బల్ల మీద ఒక వరసలో పరిచి, వాటి మీద ఇళ్ల పేర్లు రాశారు. దాని కింద ఇంకో వరస పరిచి బిర్యానీ, వంకాయ, పెరుగు అని రాశారు. ఒక వేలు పై వరస మీద, ఒక వేలు కింద వరస మీద పెట్టి, రెండూ కలిపి జరిపారు. ఆకలితో ఉన్న నలభై రెండు కుటుంబాలూ చుట్టూ మూగి చూశాయి. ఆ హాలుకు కిటికీలు లేవు. నాకు ఎటు పోవడానికీ దారి లేదు.

"అర్థమైందా?"

"లేదంకుల్" అన్నాను. "ఇంకోసారి చెప్పండి."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకోసారి చెప్పారు. ఆ తర్వాత మరోసారి. పిజ్జాలు వచ్చేసరికి నాకే కాదు, పాస్టర్ గారికి కూడా లూప్ వచ్చేసింది. ఆ రోజు తలా ఒక ముక్క దొరికింది, తలా ఓ నలభై ప్లేట్లు దొరికాయి.

ఆ కోర్సు పాసయ్యాను, ఉద్యోగమూ చేశాను. నీలం కోటు మాత్రం నాకు నప్పలేదు. కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రోగ్రామైనా సరే, కనీసం రెండిళ్ల మీద పరీక్షించనిదే మూడో ఇంటికి పంపను. ఒకవేళ పంపాల్సి వస్తే, మీట నొక్కే ముందే పెద్ద గిన్నెడు పులిహోర కలిపి పక్కన పెట్టుకుంటాను.