ఎడమచేతి పురి

మా నేతవాళ్ల దాజీ పేట్‌లో పిల్లలకు జ్వరమొస్తే నిమ్మకాయ తిప్పేవాళ్లున్నారు. నేను మందుబిళ్ల మింగించే రకం. దయ్యాలంటే నాకు నవ్వు. ఇది చదివి నన్ను పిచ్చిదనుకోకండి.

మా నాయన నర్సయ్య మగ్గాల కార్ఖానాల్లో పోగులు అతికేవాడు. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే, వేళ్లకు బూడిద అద్దుకుని, మెలిపెట్టి కలపాలి. ఒక అంచున మొదలుపెట్టి రెండో అంచు దాకా. నాయనది ఎడమచేతి వాటం. ఆయన పెట్టే మెలి, అంటే పురి, అందరి పురికీ ఎదురు తిరిగేది. ఆ చేయీ ఆ పనీ నాకే వచ్చాయి. ఆ రెండూ కలిసి పేటలో ఇంకెవరికీ లేవు.

ఎనిమిదేళ్ల కిందట, మాలక్ అని పిలిచే ఒక యజమాని కార్ఖానాలో ఎవరో పడుగు కోసేశారు. "నర్సన్ననే కోసిండు" అని ఆ మాలక్ అందరి ముందు నాయన గల్లా పట్టాడు. నాయన కోయలేదు. అయినా అతుకుతానని కూర్చుని ఒక అంచు నుంచి మధ్య దాకా రాగానే, లేపి బయటికి నెట్టాడు. ఆ తర్వాత నాయన పోగు ముట్టలేదు. రెండేళ్లకు పోయాడు. మాలక్‌ను చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది.

ఫోన్‌లో ఒక వీడియో చూశాను. లేవగానే కలను పుస్తకంలో రాస్తూ పోతే, కొన్నాళ్లకు కలలో ఉండగానే అది కల అని తెలుస్తుందట. ఆపైన మన ఇష్టం. కలలోనైనా ఆ మనిషి చెంప పగలగొట్టాలని మూడు నెలలు రాశాను.

కార్ఖానాలకు సెలవైన ఒక సుట్టి రోజు మధ్యాహ్నం పడుకున్నాను. కలలో ఆ కార్ఖానా. చేతికి ఆరు వేళ్లు కనబడగానే కల అని తెలిసింది. మాలక్ లేడు. కోపం ఆగక, కిటికీ పక్క ఎర్ర పడుగును బ్లేడుతో అడ్డంగా కోసేశాను. లేచి అంతా రాసుకున్నాను. ఎంత హాయిగా ఉందో!

మర్నాడు పొద్దున్నే మాలక్ మా గుమ్మంలో నిలబడ్డాడు. తాళం చెవి తన దగ్గరే ఉన్నా, తాళం వేసిన కార్ఖానాలో కిటికీ పక్క ఎర్ర పడుగు తెగిందట.

"జల్దీ రా బిడ్డా, నువ్వే అతకాలె."

వెళ్లి చూశాను. సగం పోగులు తెగి వేలాడుతున్నాయి. మధ్య నుంచి రెండో అంచు దాకా మాత్రం అతికి ఉన్నాయి. మధ్యలో ఎవరూ మొదలుపెట్టరు; నాయనను లేపింది మాత్రం మధ్యలోనే. బూడిద మరకలు. ఎడమ పురి. నేను కోశానే గాని, కలలో కూడా ఒక్క పోగు అతకలేదు.

మాలక్ ఆ పురిని వేలితో తడిమాడు. అది నర్సన్న చేతి పని అని గుర్తుపట్టాడు. పనివాళ్లంతా వింటుండగా అన్నాడు: "అప్పుడు నర్సన్న కొయ్యలే. నా కొడుకు కోసిండు. నాకెరికే." తర్వాత నా వైపు తిరిగి, "జర అతుకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను.

"మా నాయన తన సగం అతికిండు కాకా. మిగిలింది నువ్వు అతుక్కో."

ఆ పోగులు ఎవరు అతికారో ఈరోజుకీ నాకు తెలియదు. కోపం కూడా పూర్తిగా చల్లారలేదు. అప్పటినుంచి కలలు రావడం మానేశాయి. అయినా పుస్తకం దిండు పక్కనే పెట్టుకుంటున్నాను. ఒక్కసారి కలలోనైనా నాయన అతుకుతుండగా చూడాలని ఉంది.