కాటా అక్క చీటీ

పదహారేళ్ళుగా లారీల కాటా దగ్గర కూర్చున్న మనిషిని పేరుపెట్టి పిలిచేదెవరు? డ్రైవర్లందరికీ ఆవిడ కాటా అక్క. బండి వచ్చి నేలమీది ఇనుప పలకల మీద ఆగుతుంది, ఆవిడ గదిలో కూర్చుని అంకె చూస్తుంది, చీటీ ఇస్తుంది. ముందు ఖాళీ బండి తూకం, సరుకెక్కాక మళ్ళీ తూకం, రెండింటికీ తేడా సరుకు. ఆవిడ చీటీ మీద ఇంక ఎవడూ నోరెత్తడు. ఏ బండి ఖాళీగా ఎంత తూగుతుందో ఆవిడకు నోటికొచ్చు. ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టిందో మాత్రం రోజూ అత్తగారే వెతకాలి.

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట మతి చెదిరింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, జ్వరం రాదూ మనుషులకి? పదకొండు రోజులు కన్ను మూయలేదు. ఖాళీ కాటా మీద కూడా అంకెలు కదులుతున్నాయని, అవి తననే తిడుతున్నాయని ఏడ్చింది. డాక్టరు మాత్రలిచ్చాడు. అంకెలు నోరు మూసుకున్నాయి, నిద్ర పట్టింది, ఉద్యోగం నిలబడింది. నిద్రతో పాటు ఆకలీ వచ్చింది, ఎంత తిన్నా తీరని పాడు ఆకలి. ఏడాది తిరిగేసరికి ఇరవై కిలోలు పెరిగింది. పొద్దున్నే నడిచింది, కంచం చిన్నది చేసింది, అయినా ఒళ్ళు మాట వింటేగా! ఒకసారి ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. మూడో వారానికల్లా రోడ్డుకు అడ్డంపడి, నా గురించి ఏం చెప్పుకుంటున్నారు మీరంతా అని లారీలను ఆపి అరిచింది. అత్తగారే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

అప్పట్నించీ మధ్యాహ్నం భోజనం అత్తగారే మోసుకొస్తుంది. కోడలు తిన్నాక మాత్ర అరచేతిలో పెట్టి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. ఆవిడ చూపు తప్పించుకోవడం లారీ యజమానుల వల్ల కూడా కాదు.

ఆ సోమవారం కాటా అక్క చీటీ అందించబోయి లేస్తే, చేతుల కుర్చీ కూడా ఆవిడతో పాటే లేచింది. కిటికీ దగ్గరున్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. వాళ్ళలో ఒక వాగుడుకాయ ఉన్నాడు, అందరూ రేడియో అంటారు. అక్కకు ఇక రెండు కుర్చీలు వేయించాలన్నాడు. ఆవిడా నవ్వింది, నవ్వక ఏం చేస్తుంది? ఆ మధ్యాహ్నం మాత్ర మింగినట్టే మింగి, అత్తగారు అటు తిరగ్గానే తీసి గుండుసూదుల డబ్బాలో దాచింది. మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి. రోడ్డు మీద అరిచిన రోజు మరిచిపోయి కాదు. అద్దంలో తన మొహం తనకు దొరక్క.

గురువారం అత్తగారు భోజనం గిన్నెలు విప్పుతుండగా రేడియో ఖాళీ బండి కాటా ఎక్కింది. ఆ బండి తూగాల్సింది ఏడువేల ఆరువందల నలభై కిలోలు. ఏడువేల ఏడువందల డెబ్భై చూపిస్తోంది. అదీ నిలకడగా లేదు. డెబ్భై, ఎనభై, మళ్ళీ డెబ్భై. మూడు మాత్రలు మానితేనే మళ్ళీ మొదలైందా? కాటా అక్క కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. అంకె ఇంకా వణుకుతూనే ఉంది.

"అత్తయ్యా, ఆ అంకె కదులుతోందా?" అంది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది. "కదులుతోందే అమ్మాయ్. నాకూ కనబడుతోంది."

ఆ మాటతో ఆవిడకు ఊపిరొచ్చింది. ఇనుము వణకదు, డీజిలు వణకదు. ఆగిన బండిలో అంకె వణికిందంటే లోపల ప్రాణమున్న సరుకుంది. ఖాళీ తూకంలో మనుషుల్ని దాచి, సరుకెక్కించే ముందు దింపేస్తే, వాళ్ళ బరువంత సరుకు లెక్కలోకి రాదు. పాత ఎత్తే. తేడా నూటముప్పై కిలోలు, అంటే ఇద్దరు. సీటు వెనక దాక్కున్న ఆ ఇద్దరినీ దిగమని కిటికీలోంచి కేకేసింది. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా దిగారు. రేడియో పరువు పోయింది కానీ నోరు పోలేదు. అక్కే కాటా మీద కాలు పెట్టిందనుకున్నా అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

ఈసారి కాటా అక్క నవ్వలేదు. కుర్చీని రెండు చేతులా వెనక్కి నెట్టి మరీ లేచింది. బండిని వెనక్కి తీయించింది. అత్తగారికి చీటీ వచ్చే పచ్చ మీట చూపించి, నేను చెయ్యెత్తగానే నొక్కు అంది. వెళ్ళి పలకల నడుమ నిలబడి చెయ్యెత్తింది. బయట బోర్డు మీద ఎర్రగా తొంభై పడింది, అందరూ చూస్తుండగా.

"తొంభై," అంది రేడియోతో. "అందులో ఇరవై మందుది. ఆ ఇరవై దింపేస్తే నీ దొంగల్ని పట్టే కళ్ళు నాకుండవు. ఇది లోడురా. మోస్తున్నాను."

రేడియో తలొంచుకుని, తప్పయింది అక్కా అన్నాడు.

లోపలికొచ్చి గుండుసూదుల డబ్బా తీసి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ మూడు మాత్రలూ చూసింది, కోడలి మొహం చూసింది. తిట్టలేదు. ఇవాళ్టి మాత్ర అరచేతిలో పెట్టింది. కోడలు మింగి, చిన్నపిల్లలా నోరు తెరిచి చూపించింది. మందు మార్చే వీలుందేమో డాక్టర్నే అడుగుదాం, మనంతట మనం మానేది మాత్రం లేదు అనుకున్నారు ఇద్దరూ. మర్నాడు వడ్రంగిని పిలిచి కుర్చీ చేతులు రెండూ కోయించారు.

డాక్టరుకు చూపించడానికి తన తూకం చీటీ పూర్తిగా నింపింది కాటా అక్క. బండి: కాటా అక్క. మొత్తం తూకం తొంభై. ఖాళీ తూకం డెబ్భై. తేడా ఇరవై. సరుకు అని ఉన్నచోట కాసేపు కలం ఆపి, నిద్ర అని రాసింది.

అత్తగారు చీటీ అందుకుని చదివి, కిందికి చూసింది.

"సంతకం లేని చీటీ చెల్లదని నువ్వేగా అంటావు. ఇటివ్వు కలం. తూకం వేసింది నేను," అని, వంకరటింకర అక్షరాలతో తన పేరు పూర్తిగా రాసింది.