తడిక అవతల రెండు దెబ్బలు

దయ్యాలు లేవని నేను అనను. ఉన్నాయని లేఖనమే చెబుతోంది. కాని చనిపోయిన మనిషి తిరిగి మన మధ్యకి వస్తారన్న మాట మాత్రం ఏనాడూ నమ్మలేదు. నిద్రించినవారు ప్రభువు పిలిచేదాకా నిద్రలోనే ఉంటారని సంఘంలో బోధించినవాణ్ణి. లెక్కలు చెప్పి బతికినవాణ్ణి కూడా. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తాను.

గోదావరి మీద ఆనకట్ట కట్టి, కోనసీమలోకి కాలవలు తవ్వుతున్న రోజులవి. అమలాపురంలో మా మిషను బడి నడిపే దొరగారికి ఒక ఆలోచన వచ్చింది. మన కుర్రవాళ్ళకి పెద్ద లెక్కలు వస్తే, కాలవ పనుల్లో మట్టి మొయ్యకుండా కొలతలు వేసే ఉద్యోగాల్లో చేరతారు కదా అని. చెన్నపట్నంలో చదివి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏడాదిలో కలన గణితం నేర్పమన్నారు. ఏడాది చివర ధవళేశ్వరం నుంచి ఇంజనీరు దొర వచ్చి పరీక్షిస్తారు.

కలన గణితమంటే మారుతూ ఉండే వాటి లెక్క. కాలవలో నీరు ఈ క్షణాన ఎంత వేగంగా పెరుగుతోంది, మొత్తం ఎంత చేరింది అని తేల్చే విద్య. విద్యార్థులు నలుగురు, అందరూ ఇరవై ఏళ్ళకి అటూ ఇటూ. ముగ్గురు మా సంఘం వాళ్ళు. నాలుగోవాడు వెంకట్రాజు, కరణంగారి అబ్బాయి.

బడి ఒక తాటాకు పాక. దాన్ని ఆనుకునే మా ఇల్లు. రెంటికీ మధ్య వెదురు తడిక, తడిక అవతల వంటగది.

నా భార్య మార్త దొరసాని గారి దగ్గర చదువుకుంది. మర్నాటి పాఠాన్ని నేను ముందురోజు సాయంత్రమే పొయ్యి దగ్గర కూర్చుని ఆమెకి చెప్పి చూసుకునేవాణ్ణి. ఒక్క మెట్టు దాటేసినా ఒప్పుకునేది కాదు.

"మీరు గొంతు పెంచి దాటించేస్తే ఆ పిల్లలు ఊరుకుంటారేమోనండి. నాకు తెలియాలిగా. ఇక్కణ్ణించి అక్కడికి ఎలా వెళ్ళేరు?" అనేది.

తరగతి ముందుకి వచ్చి భర్త తప్పు ఎత్తిచూపడం మర్యాద కాదు. అందుకని వంట చేసుకుంటూనే తడిక సందుల్లోంచి నల్లబల్ల వైపు చూసేది. నేను తప్పు రాస్తే కొబ్బరిచిప్ప గరిటె కాడతో గుంజ మీద రెండుసార్లు తట్టేది. నేను దగ్గి, తుడిచి, మళ్ళీ రాసేవాణ్ణి.

"మనకి మాస్టారు, మాస్టారికి అమ్మగారు," అని వెంకట్రాజు వేళాకోళమాడేవాడు. నేను విననట్టు ఉండేవాణ్ణి.

కార్తీకంలో ఆమెకి జ్వరం తగిలింది. మూడో రోజుకి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండు వారాల తరువాత బడి మళ్ళీ తెరిచాను. వంటగదికి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. నా విద్యార్థుల్లో ఒకడైన యోహాను తల్లిగారు రెండు పూటలా అన్నం పంపేవారు.

ఒక మధ్యాహ్నం కాలవ లెక్క ఒకటి చేస్తున్నాను. నీటి లోతూ మారుతోంది, వెడల్పూ మారుతోంది. నేను లోతులో మార్పు ఒక్కటే లెక్కకట్టి ముందుకి వెళ్ళిపోయాను. తడిక అవతల రెండు దెబ్బలు వినిపించాయి. నలుగురూ తలెత్తారు. అలవాటు కొద్దీ నేను దగ్గి, తుడిచాను. ఆ తరువాతే మార్త లేదన్న సంగతి గుర్తొచ్చింది.

వెంటనే తాళం తీసి చూశాను. గరిటె మేకుకే వేలాడుతోంది. దాని మీద సాలెగూడు చెదరలేదు. ఎలుకా, కొబ్బరికాయ పడిందా, కాలవ దగ్గర పలుగు చప్పుడా అని అన్నీ ఆలోచించాను. ఏదీ నిలవలేదు.

ఇక్కణ్ణించి రాసేది నా పాపం. మళ్ళీ ఆ చప్పుడు వినాలనిపించింది. అన్నం మీద కూడా లేనంత ఆశ. చనిపోయినవారిని పిలవడం దేవుడికి అసహ్యమని తెలిసీ, నోటితో పిలవడం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కావాలని బల్ల మీద తప్పులు రాయసాగాను. రాసి, సుద్దముక్క పట్టుకుని ఆగేవాణ్ణి. ఏమీ వినిపించేది కాదు. నన్ను నమ్మి నలుగురూ ఆ తప్పునే పుస్తకాల్లో ఎక్కించుకునేవారు. వాళ్ళ బతుకులు ఆ పరీక్ష మీద ఉన్నాయని తెలిసి కూడా నెల్లాళ్ళు అలాగే చేశాను.

ఒకరోజు వెంకట్రాజు లేచాడు. "మాస్టారండీ, ఈ నెలలో ఇది ఐదోదండి. తెలిసే రాస్తున్నారేమోనండి."

కోపం వచ్చింది. దెబ్బల కోసం నేను చెవి ఒగ్గిన ఆ నిశ్శబ్దంలో వాడు మాట్లాడాడని. అప్పుడు నా స్థితి నాకే అర్థమైంది.

ఆ ఆదివారం ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె ముట్టుకోలేకపోయాను. సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాను. సోమవారం నలుగురి పుస్తకాలూ తీసుకుని, నేను రాయించిన ప్రతి తప్పూ వాళ్ళ ఎదుటే దిద్దాను. క్షమించమని అడిగాను. యోహాను లేచి, "ఊరుకోండి మాస్టారండీ, పాఠం చెప్పండి," అన్నాడు.

పరీక్షకి నాలుగు రోజుల ముందు చివరి పాఠం. నీరు వచ్చే వేగం తెలిస్తే, కాలవలో మొత్తం నీరెంతో కూడి తేల్చాలి. జవాబు రాసి, కింద గీత గీసి వెనక్కి తిరిగాను. నలుగురూ తడిక వైపు చూస్తున్నారు.

"ఏమిటి?" అన్నాను.

వెంకట్రాజు అన్నాడు. "అమ్మగారు తట్టేరండి. రెండుసార్లండి."

నేను వినలేదు.

ఒక్కొక్కరినీ బయటికి పిలిచి విడివిడిగా అడిగాను. నలుగురిదీ ఒకటే మాట. జవాబు రాస్తున్నప్పుడు, రెండు దెబ్బలు. లోపలికి వచ్చి బల్ల చూశాను. తూము తెరవక ముందే కాలవలో ఉన్న నీటిని నేను కలపలేదు. ఈసారి కావాలని చేసింది కాదు. తప్పెక్కడుందో చెప్పమంటే వాళ్ళకీ చాలాసేపు దొరకలేదు. అందుకే, నా మీద జాలితో నలుగురూ కూడబలుక్కున్నారని అనుకోవడానికి లేదు.

పరీక్షలో నలుగురూ నెగ్గారు. ఉద్యోగాల్లో చేరి తలో కాలవ మీదకీ వెళ్ళిపోయారు.

నా చెవులు అప్పుడూ బాగానే ఉన్నాయి, ఇప్పుడూ బాగానే ఉన్నాయి. ప్రభువు నన్ను క్షమించాడనీ నమ్ముతున్నాను. తడికకి వాళ్ళకన్నా దగ్గరగా నిలబడ్డది నేనే. ఆ చప్పుడు ఎవరిదో, నాకొక్కడికే ఎందుకు అందలేదో ఇన్నేళ్ళకీ తేల్చలేకపోయాను. ఆ నలుగురిలో ఎవరు కనిపించినా పక్కకి పిలిచి, ఆ రోజు గట్టిగా తట్టిందా, మెల్లగా తట్టిందా అని అడుగుతూనే ఉంటాను.