కుండలో ఊక బొగ్గు

మంచిర్యాల వెళ్లే దారిలో రైసుమిల్లు దగ్గర కాలిన ఊక వాసన తగిలితే నేను బస్సు అద్దం మూసేస్తాను.

మా నాయినమ్మ ఊకను కాల్చి, ఆ బొగ్గును కడిగి, అడుగున చిల్లులున్న కుండలో ఇసుక మీద పరిచేది. పైన పోసిన మురికి నీళ్లు కింద బిందెలోకి తేటగా దిగేవి.

“నల్లటిదాంట్లకెళ్లి తెల్లటి నీళ్లెట్ల వస్తయే?” అని అడిగాను.

“మురికంత బొగ్గే పట్టుకుంటది బిడ్డా.”

నేను బాపు అని పిలిచే నాన్న బొగ్గుబాయిలో దిగి బొగ్గు తవ్వేవాడు. ఒంట్లోకి అంత బొగ్గు పోతుంది కాబట్టి, లోపల అందరికన్నా శుభ్రంగా ఉండేది ఆయనేనని నమ్మాను. దగ్గి నల్లగా ఉమ్మితే మురికి పోతోందని సంతోషపడేదాన్ని.

ఒక పొద్దున నాన్న డ్యూటీకి పోలేకపోయాడు. దవాఖానకు తీసుకెళ్లడానికి నాన్న తమ్ముడు, మా కాక, ఆటో కోసం వెళ్లాడు. నాయినమ్మ వాకిట్లో కుండలోని పాత బొగ్గు పారబోస్తోంది.

“ఎందుకు పారబోస్తున్నవ్?”

“నిండిపోయింది. ఇగ మురికి పట్టది. కొత్తది పొయ్యాలె.”

“బాపుకు గూడ దవాఖానల కొత్తది పోస్తరా?”

నాయినమ్మ కుండ కింద పెట్టి నాన్న వైపు తిరిగింది. గడపలో కూర్చున్న నాన్న నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. అందులో ఎంత నవ్వో, ఎంత దగ్గో ఇప్పటికీ తేల్చుకోలేను. అప్పుడు మాత్రం, అవునన్నాడనుకుని బడికి పోయాను.