వడ్రంగి పోస్టు

ఆ బడి ఆఫీసు గదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే బల్ల ముందు కూర్చున్న గుమస్తాను అందరూ ‘రసీదక్క’ అనేవారు. అప్పటి పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని చేర్పించడానికి వస్తున్నా ఆ పేరు మారలేదు. రసీదు చూపించనిదే హెడ్మాస్టరుకైనా ఆమె చేతి నుంచి చిల్లిగవ్వ రాలేదు మరి.

ఆమె చేరిన కొత్తలో బడి ఖర్చంటే జీతాలు, సుద్దముక్కలు, వానలకు ముందు పైకప్పు మరమ్మతు. అంతే. తర్వాత జిరాక్సు మిషను వచ్చింది, దాని వెనకే కాగితం కట్టలు. కంప్యూటర్లు వచ్చాయి, వాటికి ఏసీ గది కావాలన్నారు. వరండాల్లో కెమెరాలు, తరగతికో డిజిటల్ తెర. సుద్దముక్కల పద్దు ఏటేటా చిక్కిపోయి ఒక్క వరుసలో ఇమిడిపోయింది. కొత్త ఖర్చు ఏది వచ్చినా ఆమె బెదరలేదు. దాని గుట్టు తెలుసుకునేదాకా వదిలిపెట్టేది కాదు.

ఆ ఏడాది బడ్జెట్ రోజుల్లో హెడ్మిస్ట్రెస్ ఆమెను పిలిచింది.

“బెంచీలకి డబ్బు చాలట్లేదక్కా. లైబ్రరీ టీచర్ని సగం రోజుకి మార్చేద్దాం. కమిటీకి ఒక కాగితం రాసివ్వండి.”

“రెండు రోజులు టైమివ్వండి మేడమ్.”

బీరువాలోని పాత పద్దు పుస్తకాలన్నీ దించింది. ఒకప్పుడు ఏడెనిమిదేళ్లకోసారి బెంచీలు కొనేవారు. పదకొండేళ్లుగా ఏటా కొంటున్నారు. సైకిల్ స్టాండు వెనక రేకుల షెడ్డులోకి వెళ్లి చూస్తే, విరిగిన బెంచీలు కప్పుదాకా ఉన్నాయి. విరిగినవన్న మాటే గాని, చాలావాటికి కాలు ఊడిందంతే. నాలుగు మేకులు కొడితే నిలబడేవే.

పదకొండేళ్ల కిందట ఏం జరిగిందా అని ఫైలు తిరగేసింది. ఆ ఏడే బడి వడ్రంగి పోస్టు తీసేశారు. ‘ఒక జీతం మిగులుతుంది’ అని సలహా ఇచ్చిన కాగితం మీద చేతిరాత తనదే.

బస్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చిన భర్త అంతా విని, “ఎవరికి గుర్తుంటుంది? ఆ ఒక్క ముక్కా మింగేసి మిగతాది చెప్పు” అన్నాడు.

“నాకు గుర్తుందిగా” అంది ఆమె.

మర్నాడు పాత వడ్రంగి కొట్టుకు వెళ్లింది. ఆయన చిత్రిక పడుతూనే విన్నాడు.

“ఆ కాగితం మీరు రాసిందేనని నాకప్పుడే తెలుసు. రెండేళ్లు మండిపడ్డాను. తర్వాత పని ఎక్కువై, కోప్పడే తీరిక లేకపోయింది” అని నవ్వాడు. “నేను రాలేను గానీ, మా అమ్మాయి చెయ్యి నా చేతికంటే వాటం.”

కమిటీ ముందు రసీదక్క నిలబడే మాట్లాడింది. ముందు తన తప్పు చెప్పింది. ఆ తర్వాత లెక్క విప్పింది. ఒక జీతం మిగుల్చుకుని, ఏటా దానికి రెండింతలు పెట్టి బెంచీలు కొన్నామంది. వడ్రంగి పోస్టు మళ్లీ పెట్టమని కాగితం ముందుంచింది.

ఛైర్మన్ కళ్లజోడు తీశాడు. “అప్పుడు లెక్క తప్పారు, సరే. ఇప్పుడు తప్పలేదని ఏంటి నమ్మకం?”

“అప్పుడు నేను ఒక్క ఏడాదే చూశానండీ. ఇప్పుడు ముప్పై ఒక్క ఏళ్లు చూసి వచ్చాను.”

ఛైర్మన్ పక్కవాళ్ల వైపు చూసి సంతకానికి పెన్ను అడిగాడు.

వడ్రంగి కూతురు మొదటి నెలలోనే అరవై రెండు బెంచీలు నిలబెట్టింది. ఆ ఏడాది కొత్తది ఒక్కటీ కొనలేదు. లైబ్రరీ సాయంత్రం దాకా తెరిచే ఉంది.

మరుసటి ఏడాది బడ్జెట్ రోజులు రాగానే, కబురు పంపకుండా హెడ్మిస్ట్రెస్ తనే ఆఫీసు గదికి వచ్చింది.

“అక్కా, ఈ తెరల్ని మనం ఎన్నేళ్లకోసారి మారుస్తున్నాం?”

రసీదక్క పక్క కుర్చీ దుమ్ము దులిపి ముందుకు జరిపింది.

“కూర్చోండి మేడమ్. ఇది ఒక్క మాటలో తేలేది కాదు.”